ఫిడేలు నాయుడు గారు, ఆయన నాలుగు తీగలు

జగదల్పూర్ నుంచి కోరాపుట్, సాలూరు మీదుగా ఘాట్ దిగి వెళ్ళే రోడ్డు విజయనగరం చేరుతుంది. మీలో చాలామంది సెలవులకు ఆ దారిన బస్సులోనో కారులోనో వెళ్ళే ఉంటారు. కొందరు కిరండూల్ రైలెక్కి అరకు, కొత్తవలస మీదుగా విశాఖ వెళ్ళి ఉంటారు. ఈ రెండు ఊళ్ళకూ చెందిన ఒక సంగీత విద్వాంసుడి జీవితాన్ని ఇప్పుడు చదువుకుందాం. ఆయన పేరు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. తెలుగువాళ్ళు ఆయనను ముద్దుగా ఫిడేలు నాయుడు గారు అని పిలుచుకున్నారు. పరాయి దేశంలో పుట్టిన ఒక వాద్యం పేరే ఒక మనిషికి ఇంటిపేరులా అయిందంటే, ఆ వాద్యానికీ ఆయనకూ ఎంత దగ్గరి సంబంధం ఉందో ఊహించండి.

బెంగుళూరు నుంచి విశాఖకు

నాయుడు గారు 1893 నవంబరు 8న, దీపావళి రోజున, బెంగుళూరులో పుట్టారు. తండ్రి సైన్యంలో ఉద్యోగం చేసేవారు. తర్వాత ఆ కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడింది. అందుకని నాయుడు గారు పుట్టింది ఒక ఊరు, పెరిగింది మరో ఊరు, పేరు తెచ్చుకున్నది మూడో ఊరు. మీ సంగతి కూడా ఇంచుమించు ఇదే కదా! ఏ ఊరు మీది అని ఎవరైనా అడిగితే ఒక్క మాటలో జవాబు చెప్పడం మీకెంత కష్టమో ఆయనకూ అంతే కష్టమై ఉండాలి.

ఆయనకు చిన్నప్పటి నుంచీ చూపు మందం. పోనుపోను అది ఇంకా తగ్గిపోయింది. చూపు తక్కువైన పిల్లల కోసం ప్రత్యేకమైన పుస్తకాలు, ఏర్పాట్లు ఆ రోజుల్లో మామూలు బళ్ళలో ఉండేవి కావు. పుస్తకంలో అక్షరం కనిపించని పిల్లవాడికి బడిచదువు ఎంతోకాలం సాగదు. ఆయనకూ సాగలేదు. చదువు లేకపోతే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే బతుకు ఎలా అన్నది ఆ ఇంట్లో పెద్ద ప్రశ్నే అయి ఉంటుంది.

ఆ ఇంట్లో ఫిడేలు ఉంది. అన్నగారు వెంకటకృష్ణయ్య గారు ఫిడేలు వాయించేవారు. తమ్ముడికి మొదటి గురువు ఆయనే. ఫిడేలు నేర్చుకోవడానికి కంటితో పెద్దగా పని లేదు. వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేది చెవి. తమ్ముడు గంటల తరబడి సాధన చేశాడు. కన్ను చేయలేని పనిని చెవితో, చేతితో చేయడం అలవాటు చేసుకున్నాడు.

తీగ ఒకటే అయితే చాలదు

నాయుడు గారి చేతిలోని వాద్యం ఎలా పని చేస్తుందో ఇక్కడ కొంచెం తెలుసుకోవాలి. అది తెలియకపోతే ఆయన చేసిన పని గొప్పతనం తెలియదు.

మన బస్తర్‌లో జాగర్ పాడేటప్పుడు గురుమాయిలు వాయించే ధన్‌కుల్‌ను మీలో కొందరు చూసే ఉంటారు. కుండ మీద చేట ఉంచి, ఆ చేట మీద విల్లు కొస ఆనించి, వెదురు పుల్లతో గీస్తూ పాడతారు. ఆ విల్లును విడిగా పట్టుకుని గీస్తే శబ్దం కాస్తే వస్తుంది. కుండ మీద ఆనించగానే ఆ కదలిక చేటకూ, కుండకూ, కుండలోని గాలికీ పాకి శబ్దం పెద్దదవుతుంది. ఫిడేలులోనూ ఉన్నది ఈ సూత్రమే. తీగ సన్నది కాబట్టి ఎక్కువ గాలిని కదిలించలేదు. తీగల కింద బ్రిడ్జి అనే చిన్న చెక్కముక్క నిలబడి ఉంటుంది. అది తీగ వణుకును పెట్టెకు అందిస్తుంది. పెట్టె పైపలక స్ప్రూస్ అనే తేలిక కర్రతో, కింది పలక మేపుల్ అనే గట్టి కర్రతో చేస్తారు. లోపల, బ్రిడ్జి దగ్గరలో, ఒక చిన్న గుండ్రటి కర్రపుల్లను జిగురు లేకుండా నిలబెడతారు. అది పైపలక వణుకును కింది పలకకు చేరుస్తుంది. ఇటలీవాళ్ళు తమ భాషలో ఆ పుల్లను ఆత్మ అని పిలుస్తారు. ఆ పుల్ల కాస్త పక్కకు జరిగినా ఫిడేలు గొంతు మారిపోతుంది.

తీగను మీటడానికి బదులు కమానుతో రాస్తారు. కమానుకు గుర్రపు తోక వెంట్రుకలు కట్టి ఉంటాయి. వాటికి రోజిన్ అనే చెట్టు బంక ముద్దను రుద్దుతారు. దానివల్ల వెంట్రుకలు తీగను కాసేపు పట్టుకుని లాగుతాయి, మళ్ళీ వదిలేస్తాయి. క్షణంలో కొన్ని వందల సార్లు ఇలా పట్టి వదలడం వల్లే నాదం తెగకుండా సాగుతుంది. వీణ తీగను మీటితే ఆ నాదం కాసేపటికి తగ్గిపోతుంది. ఫిడేలు నాదం మాత్రం కమాను కదిలినంతసేపూ ఉంటుంది. అచ్చం మనిషి ఊపిరి ఉన్నంతసేపూ పాట సాగినట్టు.

వీణకూ ఫిడేలుకూ ఇంకో తేడా ఉంది. విజయనగరానికి దగ్గర్లో ఉన్న బొబ్బిలి వీణలకు పేరు. పనస కర్రతో చేసే ఆ వీణకు 24 మెట్లు ఉంటాయి. ఏ మెట్టు దగ్గర తీగ నొక్కితే ఏ స్వరం వస్తుందో ముందే నిర్ణయమై ఉంటుంది. ఫిడేలుకు మెట్లు లేవు. నున్నటి నల్ల పలక మీద స్వరస్థానాన్ని వేలే వెతుక్కోవాలి. తీగ పొడవు సుమారు 33 సెంటీమీటర్లు ఉంటుంది. దానిని వేలితో నొక్కి 22 సెంటీమీటర్లే మోగనిస్తే పంచమం వస్తుంది. సరిగ్గా సగం, అంటే 16.5 సెంటీమీటర్లు మోగనిస్తే పై స్థాయి షడ్జమం వస్తుంది. వేలు ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే స్వరం అపస్వరం అవుతుంది. అందుకే ఫిడేలు వాయించేవాడికి కళ్ళు ఎంత బాగున్నా, చెవి లేకపోతే లాభం లేదు.

పరాయి వాద్యం మన శ్రుతిలోకి

ఫిడేలు యూరప్ నుంచి వచ్చింది. దక్షిణ దేశంలో దీనిని మన సంగీతానికి మొదట వాడినవారిలో బాలుస్వామి దీక్షితులు గారు ముఖ్యులు. ఆయన ముత్తుస్వామి దీక్షితుల వారి తమ్ముడు. మద్రాసులో ఒక యూరోపియన్ దగ్గర ఈ వాద్యం నేర్చుకుని, దాని మీద మన రాగాలు పలికించారు. దీక్షితుల వారి శిష్యుడు వడివేలు గారు కూడా ఇందులో దిట్ట. తిరువాన్కూరు మహారాజు స్వాతి తిరునాళ్ ఆయనకు 1834లో ఏనుగు దంతంతో చేసిన ఫిడేలు బహూకరించారు. నాయుడు గారు పుట్టేనాటికి ఈ వాద్యం మన కచేరీల్లో కాలు మోపి చాలా ఏళ్ళే అయింది.

వాద్యం వచ్చింది సరే, దానిని మనవాళ్ళు ఏం మార్చారు? పెట్టెను మార్చలేదు. తీగల సంఖ్య మార్చలేదు. మార్చినవి రెండే రెండు. ఒకటి శ్రుతి చేసే పద్ధతి, రెండోది పట్టుకునే పద్ధతి.

మొదట శ్రుతి సంగతి చూద్దాం. పాశ్చాత్యులు నాలుగు తీగలనూ నాలుగు వేరు వేరు స్వరాలకు బిగిస్తారు. లావు తీగ నుంచి సన్న తీగ వరకు వాటి పేర్లు జి, డి, ఎ, ఇ. అవి సెకనుకు సుమారు 196, 294, 440, 659 సార్లు కంపిస్తాయి. పక్కపక్కనున్న ఏ రెండు తీగలను తీసుకున్నా వాటి మధ్య దూరం మన స నుంచి ప వరకు ఉండే దూరమంత. అంటే 2:3 నిష్పత్తి. కాలిక్యులేటర్ తీసుకుని మీరే భాగించి చూడండి.

మనవాళ్ళు ఆ తీగలను కింది షడ్జమం, కింది పంచమం, మధ్య షడ్జమం, మధ్య పంచమం అని బిగిస్తారు. అంటే స, ప, స, ప. లావు తీగను 196 దగ్గరే ఉంచి దానినే మన స అనుకుంటే, మిగిలినవి 294, 392, 588 అవుతాయి. పాశ్చాత్య పద్ధతితో పోల్చి చూడండి. కింది రెండు తీగలూ అక్కడే ఉన్నాయి. పై రెండు తీగలను మాత్రం ఒక్కొక్క స్వరం కిందికి దించారు. బిరడా కొంచెం వదులు చేస్తే అయిపోయే పని. కచేరీలో స ఎప్పుడూ 196 దగ్గరే ఉండదు, పాడేవారి గొంతును బట్టి మారుతుంది. కానీ తీగల మధ్య దూరాలు మాత్రం ఇవే.

ఈ చిన్న మార్పు ఎందుకు? మన సంగీతంలో కచేరీ మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా స, ప అనేవి కదలవు. వెనుక తంబురా వాటినే మోగిస్తూ ఉంటుంది. ఫిడేలులో నాలుగు తీగలూ స, ప లే అయితే, ఒక తీగ మీద స పలికించినప్పుడు దానితో సంబంధం ఉన్న మరో తీగ ముట్టుకోకుండానే సన్నగా మోగుతుంది. దానివల్ల నాదం నిండుగా వస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. కింది రెండు తీగల మీద వేళ్ళు ఎలా నడుస్తాయో పై రెండు తీగల మీదా అలాగే నడుస్తాయి. కానీ ఒక చిక్కు కూడా ఉంది. హిందోళం లాంటి రాగాల్లో పంచమం ఉండదు. ఆ రాగం వాయించేటప్పుడు ప తీగలను విడిగా తాకకూడదు. తాకితే రాగం చెడుతుంది. రెండు తీగలు చేతి కింద ఉన్నా వాటిని ఖాళీగా మోగనివ్వకుండా వాయించడం ఒక పరీక్ష.

రెండోది పట్టు. పాశ్చాత్యులు ఫిడేలును గడ్డం కింద అదిమి, ఎక్కువగా నిలబడో కుర్చీలో కూర్చునో వాయిస్తారు. మన విద్వాంసులు నేల మీద బాసీపట్టు వేసి కూర్చుంటారు. ఫిడేలు చివరనున్న చుట్టను కుడి మడమ మీద ఆనిస్తారు, పెట్టెను ఎడమ వైపు ఛాతీకి ఆనిస్తారు. వాద్యం బరువంతా కాలి మీద, ఒంటి మీద ఉంటుంది కాబట్టి ఎడమ చెయ్యి ఖాళీ అవుతుంది. తీగ మీద పైకీ కిందికీ జారగలుగుతుంది. ఆ జారుడు లేకపోతే గమకం లేదు. గమకం లేకపోతే మన రాగం లేదు.

చూడండి, వాద్యం తన రూపం పోగొట్టుకోలేదు. తన నాలుగు తీగలనూ వదులుకోలేదు. వచ్చిన చోట ఏ స మోగుతోందో విని, దానికి తన తీగలను సరిచేసుకుంది. అంతే.

విజయనగరంలో శిష్యుడిగా వెళ్ళి

1919లో విజయనగరంలో పూసపాటి విజయరామ గజపతి రాజు గారు సంగీత కళాశాల స్థాపించారు. కోటలో పనిచేసే ఒక ఉద్యోగి కొడుకుకు చూపు లేదని, ఆ పిల్లవాడికి సంగీతం మీద ఉన్న ఇష్టం చూసి రాజుగారు ఈ కళాశాల పెట్టారని ఆ ఊళ్ళో చెప్పుకుంటారు. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు.

ఆ కళాశాల తెరిచారని విని నాయుడు గారు విశాఖ నుంచి వెళ్ళారు. ఆయన వెళ్ళింది చదువుకోవడానికి. అప్పటికి పాతికేళ్ళ వయసు. బడిలో ఆగిపోయిన చదువును ఇక్కడైనా పూర్తి చేద్దామన్న ఆశ. చేర్చుకునే ముందు ఆయన చేత వాయింపించి విన్నారు. విన్నాక ఆయనను విద్యార్థిగా చేర్చుకోలేదు, వయోలిన్ ఆచార్యుడిగా నియమించారు. చూపు తక్కువని బడికి దూరమైన అబ్బాయి, కళాశాల గుమ్మంలో శిష్యుడిగా అడుగుపెట్టబోయి గురువుగా అడుగుపెట్టాడు.

ఇది అదృష్టం కాదు. అన్నగారి దగ్గర పునాది, ఆ పైన ఏళ్ళ తరబడి సొంత సాధన, ఈ రెండూ ఆయనను అక్కడికి చేర్చాయి. కళాశాలలో ఆయన నేర్పుతూనే నేర్చుకున్నారు. నారాయణదాసు గారి తర్వాత 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు.

ఆ కళాశాల నుంచి వచ్చినవారి పేర్లు వింటే మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు ముఖం వెలిగిపోతుంది. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు అక్కడే చదువుకున్నారు. డబ్బులేక మధుకరం ఎత్తుకుని, అంటే ఇల్లిల్లూ తిరిగి అన్నం అడుక్కుని, పట్రాయని సీతారామశాస్త్రి గారి ఆదరణలో ఆయన సంగీతం నేర్చుకున్నారు. గాయని పి. సుశీల గారిదీ ఆ కళాశాలే. కర్ణాటక సంగీతంలో ఎంతో పేరు పొందిన నేదునూరి కృష్ణమూర్తి గారు కూడా అక్కడి విద్యార్థే.

పక్కన కూర్చునే వాద్యం

అప్పట్లో కచేరీలో ఫిడేలు స్థానం ఏమిటి? మధ్యలో గాత్ర విద్వాంసుడు కూర్చుంటారు. ఒక పక్క మృదంగం, ఇంకో పక్క ఫిడేలు. గాయకుడు రాగం ఆలపిస్తుంటే ఫిడేలు నీడలా వెంట నడవాలి. ముందుకు పోకూడదు, మరీ వెనకబడకూడదు. గాయకుడు ఆపాక ఫిడేలుకు కొద్దిసేపు సమయం ఇస్తారు. స్వరకల్పన వచ్చినప్పుడు గాయకుడు అన్నదానికి ఫిడేలు వెంటనే జవాబివ్వాలి. గాయకుడు ఇప్పుడు ఏం పాడబోతున్నాడో ముందుగా ఎవరికీ తెలియదు. రాసుకున్న కాగితం ఉండదు. విని, అప్పటికప్పుడు పట్టుకోవాలి.

ఇంకో కష్టం శ్రుతి. ఒక గాయకుడి స ఒక చోట ఉంటుంది, మరొకరిది ఇంకో చోట. మగవారి గొంతు సాధారణంగా కింది శ్రుతిలో, ఆడవారి గొంతు పై శ్రుతిలో ఉంటుంది. ఈ రోజు ఒకరి పక్కన, రేపు మరొకరి పక్కన. ఎవరి పక్కన కూర్చుంటే వారి స కు ఫిడేలు తీగలు బిగించుకోవాలి. శ్రుతి మారితే తీగ బిగువు మారుతుంది. బిగువు మారితే వేలి కింద దాని స్పర్శ మారుతుంది, కమాను వేయాల్సిన ఒత్తిడీ మారుతుంది. ఎప్పుడూ ఎదుటివారి శ్రుతికి సరిచేసుకుంటూ, తన గొంతు పోగొట్టుకోకుండా వాయించడమే పక్కవాద్యం విద్య.

నాయుడు గారు అలా ఎందరో పెద్ద విద్వాంసుల పక్కన వాయించారు. మద్రాసు సభల్లో ఆయనకు గొప్ప పేరు వచ్చింది. ఆయన కమాను గురించి ఎక్కువగా చెబుతారు. పొడుగాటి కమానులు, చివరి దాకా నిండుగా ఉండే నాదం, గట్టిగా అవసరమైన చోట గట్టిగా, మెల్లగా కావలసిన చోట గుసగుసలా. ఎడమ చేతి వేళ్ళు స్వరాన్ని వెతికితే, ఆ స్వరానికి ప్రాణం పోసేది కుడి చేతిలోని కమాను. వేగంగా వాయించగలగడం కన్నా నాదం తియ్యగా ఉండటం ఆయనకు ముఖ్యం.

తన శ్రుతిలో తాను

1938లో వేలూరులో నాయుడు గారు ఫిడేలుతో సోలో కచేరీ చేశారు. గాయకుడు లేడు. మధ్యలో కూర్చున్నది ఫిడేలే. ఈ రోజు మనకు ఇది వింతగా అనిపించదు. వయోలిన్ సోలో కచేరీలు ఇప్పుడు ఎన్నో వింటున్నాం. కానీ పక్కన కూర్చోవడమే తన పని అనుకునే వాద్యాన్ని మధ్యలో కూర్చోబెట్టడం అప్పటికి పెద్ద మార్పు. మన దక్షిణాది కచేరీలో ఆ మార్పుకు దారి వేసినవారిలో నాయుడు గారి పేరు ముందు చెబుతారు.

సోలో కచేరీలో ఒక సుఖం ఉంది, ఒక కష్టం ఉంది. సుఖం ఏమిటంటే శ్రుతి తనదే. ఏ శ్రుతిలో తన ఫిడేలు నిండుగా మోగుతుందో ఆ శ్రుతికే తీగలు బిగించుకోవచ్చు. కష్టం ఏమిటంటే మాట లేదు. త్యాగరాజు గారి కృతుల్లో తెలుగు మాటలు ఉన్నాయి. గాయకుడు ఆ మాటలు పలుకుతాడు, వినేవాడికి అర్థమవుతుంది. ఫిడేలు మాట్లాడలేదు. ఎక్కడ ఒక పదం ముగిసి ఇంకో పదం మొదలవుతుందో కమాను మార్చే తీరులోనే తెలియాలి. దీర్ఘం ఉన్నచోట కమాను సాగాలి, ఒత్తు ఉన్నచోట కాస్త బరువు పడాలి. అంటే వాయించేవాడికి సాహిత్యం నోటికి వచ్చి ఉండాలి, అర్థం తెలిసి ఉండాలి. అప్పుడే వినేవాడికి మాటలు లేని చోట మాటలు వినిపిస్తాయి. పద్యాన్ని ఎక్కడ విరిచి చదవాలో తరగతిలో పదే పదే చెప్పేది కూడా ఇందుకే.

ఏళ్ళ తరబడి గాయకుల పక్కన కూర్చుని, వారి ప్రతి మాటనూ విన్న చెవి నాయుడు గారిది. పక్కవాద్యంగా నేర్చుకున్నదంతా సోలోలో పనికివచ్చింది. ఇతరుల శ్రుతికి సరిచేసుకోవడం తెలిసినవాడే తన శ్రుతిని నమ్మకంగా పెట్టుకోగలిగాడు.

వచ్చిన గౌరవాలు

1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. కర్ణాటక సంగీతంలో దీనిని చాలా గొప్ప గౌరవంగా భావిస్తారు. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ వచ్చాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. బడిచదువు సగంలో ఆగిన పిల్లవాడిని ఒక విశ్వవిద్యాలయం పిలిచి గౌరవించిందన్నమాట.

1952లో ప్రపంచ ప్రసిద్ధ వయోలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ మన దేశానికి వచ్చారు. కరువు బాధితుల సహాయం కోసం కచేరీలు చేశారు. ఆ ప్రయాణంలో మద్రాసులో జస్టిస్ పి. వి. రాజమన్నార్ గారి ఇంట నాయుడు గారి వాయిద్యం విన్నారు. ఒక్కసారి ఆ గదిని ఊహించుకోండి. ఇద్దరూ వయోలిన్ విద్వాంసులే. ఒకరు గడ్డం కింద పట్టి జి, డి, ఎ, ఇ తీగలు వాయించేవారు. మరొకరు నేల మీద కూర్చుని స, ప, స, ప తీగలు వాయించేవారు. ఒకే పెట్టె, ఒకే కమాను, నాలుగే తీగలు. బిరడాల దగ్గర జరిగిన ఆ కొద్దిపాటి సర్దుబాటుతో అది రెండు వేరు వేరు సంగీతాలు మాట్లాడగలుగుతోంది.

నాయుడు గారు 1964 నవంబరు 25న మద్రాసులో కన్నుమూశారు. ఆయన కుమార్తె ద్వారం మంగతాయారు గారు కూడా పేరున్న వయోలిన్ విద్వాంసురాలు అయ్యారు. ఆయన పుట్టి వందేళ్ళయిన సందర్భంగా 1993లో తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది.

మీకు మిగిలేది

ఊరు మారినప్పుడల్లా మీకు కొత్త బడి, కొత్త స్నేహితులు, కొత్త భాష. నిన్నటిదాకా తరగతిలో అందరికన్నా ముందున్న పిల్లవాడు, ఇవాళ ఎవరూ పేరు పెట్టి పిలవని పిల్లవాడు అవుతాడు. ఇక్కడ బయట హల్బీ, గోండీ వినిపిస్తాయి, తరగతిలో హిందీ, ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. కొన్ని రోజులు ఏదీ శ్రుతి కలవనట్టు ఉంటుంది. అది మీ తప్పు కాదు. కొత్త చోట స ఎక్కడుందో చెవికి దొరకడానికి కొంత సమయం పడుతుంది. ఫిడేలుకు మన సంగీతంలో చోటు దొరకడానికే ఎన్నో ఏళ్ళు పట్టింది. పక్క నుంచి మధ్యకు రావడానికి ఇంకా ఎక్కువ ఏళ్ళు పట్టింది. సరిచేసుకోవడం అంటే తీగలు తెంపేసుకోవడం కాదని మాత్రం గుర్తుంచుకోండి. మీ తెలుగు కూడా మీ తీగల్లో ఒకటి. మిగిలినవాటితో పాటు అది కూడా మోగుతూ ఉండాలి.

నాయుడు గారి పాత రికార్డులు ఇప్పటికీ దొరుకుతాయి. ఇంట్లో ఫోనులో వెతికి ఒకటి వినండి. పాతకాలపు రికార్డు కాబట్టి కాస్త గరగర ఉంటుంది, దానిని పట్టించుకోకండి. మొదటిసారి స ఎక్కడుందో మాత్రమే పట్టుకోండి, పెదవులు మూసుకుని దానితో కలిసి సన్నగా గొంతు కలపండి. రెండోసారి కమాను ఎక్కడ మారుతోందో వినండి. ఈసారి సెలవుల్లో సాలూరు దారిన వెళితే విజయనగరంలో కాసేపు ఆగి, ఆ సంగీత కళాశాల ఎక్కడుందో అడిగి చూసి రండి. వచ్చాక తరగతిలో మిగిలినవాళ్ళకు చెప్పండి.